జపాన్ కత్తిని గుర్తుపట్టాలంటే పిడి విప్పాలి

జపాన్ కత్తికి పైన కనిపించే సరంజామా వయసూ లోపలి అలుగు వయసూ ఒకటే అయ్యుండాలని లేదు. పిడి, ఒర, త్సుబా అనే చేతికాపు ఎన్నిసార్లైనా మారుతాయి. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన జపాన్ అధికారుల్లో కొందరు ఇంట్లో ఉన్న పాత అలుగుకే సైనిక పిడి, ఇనప ఒర తొడిగించుకున్నారు. అందుకే ఖాకీ రంగు ఒరలోంచి 400 ఏళ్ల నాటి అలుగు బయటపడవచ్చు. నల్ల లక్క ఒర, పట్టుదారం చుట్టిన పిడి ఉన్న కటానా అనే పొడవు కత్తిలో నిరుడు తయారైన నకిలీ ఉండవచ్చు. తేల్చి చెప్పేది పిడిలోకి దూరిన అలుగు భాగం. దాన్ని నకాగో అంటారు. దాన్ని దెబ్బ తగలకుండా బయటికి తీయడం, తుడవకుండా చదవడం పాత కత్తులు సేకరించే అభిరుచిలో మొదటి పాఠం.

విప్పే పద్ధతి

మెత్తటి గుడ్డ పరిచిన బల్ల, షేడ్ లేని ఒంటి బల్బు, చిన్న ఇత్తడి సుత్తి, చీల నెట్టడానికి ఇత్తడి మేకు, ఒక కొయ్య సుత్తి దగ్గర పెట్టుకోండి. కత్తిని వాదర పైకి ఉండేలా పట్టుకోవాలి. ఎడమ చెయ్యి ఒరను కింది నుంచి మోయాలే గాని వేళ్లు వాదర వైపుకి చుట్టుకోకూడదు. కొయ్య ఒర రెండు చెక్కలు అతికించి చేసింది. పాత జిగురు వదిలితే వాదర ఆ అతుకులోంచి నేరుగా వేళ్లలోకి దిగుతుంది. బొటనవేలితో త్సుబాను కాస్త నెట్టి పట్టు వదిలించాక, అలుగు వెన్ను ఒర లోపలి గోడమీద జారేలా నిదానంగా లాగండి. సైనిక కత్తుల్లో చాలావాటికి త్సుబా దగ్గర చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కకుండా లాగితే గొళ్లెం వంగిపోతుంది.

పిడిని అలుగుతో కలిపి పట్టి ఉంచేది మెకుగి అనే వెదురు చీల. దాని ఒక కొన సన్నం, ఒక కొన లావు. సన్న కొన వైపు నుంచి నెట్టాలి. ఎదురు వైపు నుంచి కొడితే చీల ఇంకా బిగుస్తుంది, పిడి పగులుతుంది. సైనిక కత్తుల్లో రెండు చీలలుండవచ్చు, ఒక్కోసారి మర ఉంటుంది. చీల వచ్చాక ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, మొన పైకి ఉండేలా కత్తిని నిలబెట్టి కొంచెం వాల్చి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద తట్టండి. తొలి దెబ్బ చాలా మెల్లగా పడాలి. నకాగో వదులుగా ఉంటే ఒక్క తాకుకే అలుగు పిడిలోంచి ఎగిరిపోతుంది. రాకపోతే చెక్కముక్కను త్సుబా మీద అలుగుకు రెండు పక్కలా మార్చి మార్చి ఆనించి కొయ్య సుత్తితో తట్టండి. తుప్పు వదిలించే నూనెలు పొయ్యవద్దు, అలుగును పట్టకారులో బిగించవద్దు. నూనె పిడి కొయ్యకు ఇంకి దాన్ని పాడుచేస్తుంది, నకాగో రంగునీ మరకలు చేస్తుంది.

సెప్పాలు అనే పలుచటి బిళ్లలు త్సుబాకు అటూ ఇటూ ఉంటాయి. సైనిక కత్తుల్లో చాలా ఉండవచ్చు. వరుస మారితే పిడి వదులై కదులుతుంది. కాబట్టి ఒక్కోటి తీస్తూ ఫొటో తీయండి. వాటిమీద, త్సుబామీద అంకెలు ముద్రించి ఉంటే అన్నీ ఒకటేనో కాదో చూడండి. అన్నీ కలిస్తే ఆ సరంజామా మొదటినుంచీ ఒకే కత్తిది.

నకాగో చదవడం

మొదట రంగు. మురోమచి కాలం (14–16 శతాబ్దాలు) నాటి నకాగో దాదాపు నల్లగా, లోతైన తుప్పుతో, ముట్టుకుంటే నునుపుగా ఉంటుంది. ఎడో కాలం (17–19 శతాబ్దాలు) నాటిది ముదురు గోధుమరంగు. యుద్ధకాలపు దాంట్లో ఇంకా బూడిదరంగు ఉక్కు కనిపిస్తూ పైపైన పలుచని తుప్పు ఉంటుంది, ఆకురాయి గీతలు స్పష్టంగా మిగిలి ఉంటాయి. నారింజరంగు పొడి రాలే తుప్పు ఒకేలా అంతటా పరుచుకుని ఉంటే ఆమ్లం పూసి ముసలిది చేశారని అనుమానించాలి. రంగే వయసుకి సాక్ష్యం గనక ఆ తుప్పును గీకడం, గరుకు కాగితంతో రుద్దడం, తుప్పు మందు పెట్టడం నూటికి నూరుపాళ్లూ తప్పు. శుభ్రం చేసిన నకాగో విలువ తిరిగి రాదు. ఇక్కడ రాజీ లేదు.

తర్వాత మెకుగి దూరే రంధ్రాలు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే అలుగును పొట్టి చేసి ఉండవచ్చు, లేదా కొత్త పిడి వేసి ఉండవచ్చు. బాగా పొట్టి చేసిన పాత టాచిలో (వాదర కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసే పొడవు కత్తి) సంతకమున్న భాగం కోసుకుపోతుంది. కాబట్టి సంతకం లేనంత మాత్రాన అది చవకబారు కత్తి కాదు.

సంతకాన్ని మెయ్ అంటారు. మొన పైకి పెట్టి సంతకం చూసేటప్పుడు వాదర ఎడమ వైపు ఉంటే అది కటానా పద్ధతి, కుడి వైపు ఉంటే టాచి పద్ధతి. హిజెన్ ప్రాంతపు తదయోషి పరంపర వాళ్లు కటానామీద కూడా టాచి వైపే సంతకం చేశారు. అది వాళ్లను పట్టించే గుర్తు. సాధారణంగా ఒక వైపు ప్రాంతం, ఊరు, పేరు ఉంటాయి, రెండో వైపు యుగం పేరు, సంవత్సరం, నెల. నెలల్లో 2వ, 8వ నెలలే తరచుగా కనిపిస్తాయి. అంకెలు నేర్చుకోవడం తేలిక: ఒకటి, రెండు, మూడు అడ్డగీతలే, పది కూడిక గుర్తు లాంటిది. షోవా యుగపు (1926–1989) సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది. షోవా 18 అంటే 1943.

అసలు సంతకం ఉలితో చిన్న చిన్న దెబ్బలుగా చెక్కింది. గీత అంచుల్లో లోహం కాస్త పైకి లేచి ఉంటుంది, తుప్పు గీత లోపలా బయటా ఒకే వయసుది. గీత అడుగున మెరుపు కనిపించినా, యంత్రంతో గీరినట్టు సమతలంగా ఉన్నా వదిలేయండి. కమ్మరి ఎంత పేరున్నవాడైతే అంత అనుమానం పెరగాలి. మసామునే సంతకమున్న పొడవు కత్తి చేతికొస్తే దాదాపు ఖాయంగా నకిలీ సంతకమే. 17వ శతాబ్దంలో ఎడో (నేటి టోక్యో) నగరపు కమ్మరి నగసోనే కొతెత్సు పేరును చెక్కిన నకిలీలు అసళ్లను మించి ఉన్నాయి. ఇక బిజెన్ ఒసాఫునే సుకెసదా అన్న పేరు నిజమే అయినా, ఆ పేరుతో కమ్మరులు చాలామంది ఉన్నారు. ఏ సుకెసదా అన్నది తేలాకే ధర మాట్లాడాలి.

సైనిక కత్తులు, ముద్రలు

1934 నమూనా, 1938 నమూనా అధికారుల షిన్‌గుంతోలు (సైన్యపు కత్తులు) పాత టాచి రూపంలో చేసినవి. 1934 దానికి వేలాడదీసే ఉంగరాలు రెండు, 1938 దానికి ఒకటి. పిడి కుచ్చుల్లో నీలం, గోధుమ రంగులు కింది అధికారులవి, ఎరుపు, గోధుమ పై అధికారులవి. కుచ్చు తేలికగా మారిపోతుంది గనక దానిమీద ఎక్కువ ఆధారపడవద్దు. నౌకాదళపు కైగుంతో ఒర నల్ల లక్కదో నల్ల తిరండి (స్టింగ్‌రే) చేప చర్మం అంటించిందో అయ్యుంటుంది.

1935 నమూనా కింది ర్యాంకుల వాళ్ల కత్తి. అలుగు పూర్తిగా యంత్రంతో చేసింది, సంతకం ఉండదు, హబాకి (అలుగు మొదట్లో తొడిగే లోహపు పట్టీ) దగ్గర క్రమసంఖ్య ఉంటుంది. చాలావాటి పిడి అల్యూమినియంతో పోతపోసి దారం చుట్టినట్టు రంగువేసింది. ఒర నోటి దగ్గర అదే సంఖ్య ఉంటే జత కుదిరినట్టే. బాగా అమ్ముడయ్యే నకిలీలు దీనికే ఎక్కువ. సంఖ్యలు మొద్దుగా, పోతలో అచ్చు చెదిరి, త్సుబామీద పూలు మసకగా ఉంటాయి, వాదరమీద ఆమ్లంతో వేసిన అల లాంటి గీత కనిపిస్తుంది. అసలు అలుగులో అలాంటి అల ఉండదు.

అధికారుల కత్తుల నకాగోమీద చిన్న ముద్రలు చూడండి. గిఫు ప్రాంతంలోని సెకి పట్టణపు ముద్ర, షోవా ముద్ర ఉంటే అది సంప్రదాయ పద్ధతిలో చేసింది కాదని, షోవాతో (షోవా కాలంలో సంప్రదాయేతర పద్ధతిలో చేసిన కత్తి) అని ముందుగా అనుకోవాలి. అయిదు మొనల నక్షత్రం ఉంటే సైన్యం నియమించిన కమ్మరి సంప్రదాయ ఉక్కుతో చేశాడనడానికి మంచి సూచన. ఈ రెంటికీ ధరలో చాలా తేడా.

అలుగు మీద చూపు

పొడవును మొన నుంచి, వెన్నుమీద నకాగో మొదలయ్యే చోటి గంటు దాకా తిన్నగా కొలవాలి, వంపు వెంట కాదు. ఆ గీతకు, వెన్నుకు మధ్య గరిష్ఠ దూరం వంపు. షాకు అనేది జపాన్ పొడవు కొలత, ఒక షాకు 30.3 సెంటీమీటర్లు. అంతకు తక్కువైతే టాంటో, రెండు షాకులలోపు వకిజాషి, 60.6 దాటితే కటానా లేదా టాచి. కాలాన్ని బట్టి 1596కి ముందువి కోతో, తర్వాత సుమారు 1780 దాకా షింతో, 1876 దాకా షిన్‌షింతో. ఆ ఏడు కత్తులు ధరించడాన్ని నిషేధించారు. తర్వాత సంప్రదాయంగా చేసినవి గెండైతో.

హామోన్ అంటే వాదర ఉక్కు గట్టిపడిన హద్దు. మట్టి పూసి కాల్చి నీటిలో ముంచినప్పుడు అది ఏర్పడుతుంది. చీకటి గదిలో ఒంటి బల్బు వైపు మొన చూపుతూ కంటి ఎత్తులో పట్టుకుని, మెరుపు పడిన చోట కాకుండా దాని పక్కన చూడండి. అసలుదైతే పొగమంచు లాంటి గీతో, మెరిసే రేణువులో కోణం మారేకొద్దీ లోతుగా కదులుతాయి. ఆమ్లపు గీత ఏ కోణంలో చూసినా ఒకే తెలుపు. సాన పట్టేవాళ్లు అందం కోసం తెల్లగా తీర్చిన అంచు వేరే, అసలు గీత దాని లోపల ఉంటుంది. చాలామంది ఆ తెల్ల అంచునే హామోన్ అనుకుని పొరబడతారు. నూనెలో ముంచిన షోవాతోలో గీత హద్దు కరకుగా, లోపల ఏమీ కదలక, అలల కొనల్లో నల్లటి చుక్కలతో కనిపిస్తుంది. అలుగంతా నల్లటి తెల్లటి సుడులు గట్టిగా కనిపిస్తే కొత్తగా చేసిన డమాస్కస్ తరహా ఉక్కని అనుమానించండి. జపాన్ ఉక్కు పొరలు అంత ఆర్భాటంగా ఉండవు.

కొనకూడని లోపాలు మూడు. వాదరకు అడ్డంగా వెంట్రుకంత పగులు (హగిరే), మొనలో హామోన్ లేకపోవడం, అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ గట్టిపరచిన అలుగు. హగిరే కోసం వాదరను వెలుగుకు ఏటవాలుగా పెట్టి మెల్లగా ఒక కొన నుంచి ఇంకో కొన దాకా చూడాలి. ఎక్కువసార్లు సాన పట్టిన అలుగులో వాదర వైపు గంటు దాదాపు మాసిపోయి ఉంటుంది. గంటు లోతుగా, దాని దగ్గర వాదర మొద్దుగా మిగిలి ఉంటే ఎక్కువసార్లు సాన పట్టలేదని అర్థం.

ఉంచుకోవడం, కొనడం

వేళ్లతో అలుగును ముట్టుకోవద్దు, చెమట కొద్ది రోజుల్లోనే తుప్పు పుట్టిస్తుంది. మొదట పాత నూనెను నీరు లేని ఆల్కహాల్, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపుకి తుడిచి, లవంగ నూనె కలిపిన తేలిక ఖనిజ నూనె పలుచగా, మెరుపు మాత్రమే మిగిలేలా పూయండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి సరిపోతుంది, తేమ ఎక్కువైతే ఇంకా ముందే. ఎక్కువ నూనె ఒరలోకి జారి దుమ్ము పట్టి అలుగును గీకుతుంది. లోహ మెరుగు పేస్టులు, గరుకు కాగితం వాడవద్దు. హామోన్ మాసిపోతే శిక్షణ పొందిన సానవాడు తప్ప ఇంకెవరూ బాగు చేయలేరు, ఆ ఖర్చు మామూలు షోవాతో ధరను మించుతుంది.

జపాన్‌లో 1948లో ఏర్పడిన ఎన్‌బీటీహెచ్‌కే (జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం) అలుగులు పరిశీలించి పత్రాలిస్తుంది. హొజోన్, తొకుబెత్సు హొజోన్, జుయో, తొకుబెత్సు జుయో అనేవి ఎక్కే మెట్లు. నకిలీ సంతకం ఉన్న అలుగుకు పత్రం రాదు. జపాన్‌లో ఉన్న సంప్రదాయ కత్తికి ప్రిఫెక్చర్ (జపాన్‌లో రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) విద్యామండలి ఇచ్చే నమోదు పత్రం ఉండాలి, యజమాని మారితే 20 రోజుల్లో తెలియజేయాలి. షోవాతోను సంప్రదాయ కత్తిగా అక్కడ నమోదు చేయరు. దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి కావాలి. ఆ పత్రం విక్రేత వైపు నుంచే రావాలని ముందే మాట్లాడుకోండి.

కత్తికి కట్టి ఉన్న పాత చీటీ, పేరు రాసిన కొయ్య ముక్క, లొంగుబాటు పట్టీ (యుద్ధం ముగిశాక కత్తి అప్పగించినప్పుడు కట్టినది) ఏది దొరికినా విడదీయవద్దు. విప్పేముందు దాన్ని ఉన్నచోటే ఫొటో తీసి, తర్వాత నకాగో రెండు వైపులా పక్క వెలుతురులో తీసిన ఫొటోలతో కలిపి భద్రపరచండి.