వానాకాలం ముందు రైడింగ్ బూట్లు: డెల్టాలో చూసుకోవలసినవి

బైకు నడిపేటప్పుడు తొడుక్కునే స్పోర్ట్ బూటు రోడ్డు మీద రాసుకుని పోవడం చాలా అరుదు. మన గోదావరి జిల్లాల్లో అది ఎక్కువగా మంచం కిందో, బీరువా అడుగునో, కొన్నప్పటి అట్టపెట్టెలోనో పాడవుతుంది. ఎండాకాలమంతా ఈ ఉక్కపోతలో ఎవరు తొడుక్కుంటారులే అని పక్కన పెట్టేస్తారు. జూన్‌లో మొదటి వానకి బయటికి తీస్తే పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, పెట్రోలు బంకు దాకా వెళ్ళి కాలు కింద పెట్టేసరికి అడుగు ఊడి పక్కకి వేలాడుతుంది. కాబట్టి కింద చెప్పేవన్నీ రోహిణి కార్తెలోనే పూర్తి చేసుకోవాలి. మృగశిర చినుకులు మొదలయ్యాక జిగురూ సరిగ్గా ఆరదు, తోలూ ఆరదు.

ముందు అడుగు చూడండి

చాలా బూట్లలో బయట రబ్బరు అడుగు ఉంటుంది, దానికీ పై భాగానికీ మధ్య పాలీయురెథేన్ నురుగు పొర ఉంటుంది. ఈ పదార్థం గాలిలోని తేమని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, ఆ నీరు దాని అణువుల గొలుసుల్ని తెంపుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ పని వేగంగా జరుగుతుంది. తేమా వేడీ రెండూ కలిసి ఉండే మన చోట బూటు తొడిగినా తొడగకపోయినా దీనికి వయసు మీద పడుతూనే ఉంటుంది. తోలు బదులు మైక్రోఫైబర్‌తో చేసిన బూట్ల పై పూత కూడా ఎక్కువగా ఇదే జాతి. మడతల దగ్గర పొట్టులా రాలుతోందంటే కారణం ఇదే. పాలిష్ రాసి అతికించే జబ్బు కాదది.

పరీక్షకి రెండు నిమిషాలు చాలు. అడుగు పక్క అంచులో నురుగు పొర కనిపించే చోట బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గుంట పడి మళ్ళీ లేస్తే బాగున్నట్టు. గోరుకి పొడి అంటుకున్నా, బంకలా జిగటగా తగిలినా ఆ అడుగు అయిపోయినట్టే. తరవాత ముందు భాగాన్ని ఒక చేత్తో, మడమని ఇంకో చేత్తో పట్టుకుని వేళ్ళ మొదళ్ళ దగ్గర పదిసార్లు వంచండి. వంచి ఉంచినప్పుడే అంచు చుట్టూ ఒక విజిటింగ్ కార్డు మూలని గుచ్చుకుంటూ పోండి. కార్డు దూరిన చోట పెన్నుతో గీత పెట్టుకోండి.

రబ్బరు విడిపోయి నురుగు గట్టిగా ఉంటే అతికించవచ్చు. నురుగే పొడి అయితే జిగురుకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైన ఎంత పూసినా వారంలో మళ్ళీ నోరు తెరుస్తుంది. అతికించే పద్ధతిలో తొందర పనికిరాదు. పాత జిగురంతా గీకి, రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చెప్పుల సొల్యూషన్ రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటనంత వరకు, అంటే సుమారు 10–15 నిమిషాలు ఆగి, అప్పుడు గట్టిగా నొక్కాలి. పాత సైకిల్ ట్యూబుని పట్టీలా కోసి బూటు చుట్టూ బిగించి చుట్టి 24 గంటలు వదిలేయండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది గాజులా గట్టిపడుతుంది, అడుగు వంగుతుంది, రెండో రోజే చిట్లుతుంది, పైగా ఆ తరవాత వేసే మంచి జిగురుని కూడా పట్టనివ్వదు.

చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్తే చుట్టూ కుట్టు వేస్తానంటాడు. వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న బూటుకి అడుగు పైన కుట్టు వేయించకండి. సూది దిగిన ప్రతి చోటా ఆ పొరకి కన్నమే. ఆ పొర లేని గాలి రంధ్రాల బూటుకైతే కుట్టు మంచిదే, నైలాన్ దారంతో వేయమనండి.

జిప్పు, రాచెట్, స్లైడర్

జిప్పు ఎప్పుడూ పళ్ళ వల్ల కంటే లాగే రన్నరు వల్లే పోతుంది. రన్నరు లోపలి నోరు అరిగి వెడల్పయితే వెనకాల జిప్పు విచ్చుకుంటూ వస్తుంది. పట్టకారుతో రెండు పక్కలా అణువంత నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది. ఎక్కువ నొక్కితే పగులుతుంది. మార్చాల్సి వస్తే రన్నరు వెనక చూడండి, సాధారణంగా 5, 8, 10 లాంటి అంకె ఒకటి అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె, ఆ రకం రన్నరే కావాలి. పాత పళ్ళ బ్రష్‌తో పళ్ళ మధ్య ఇసుక దులిపి, కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్దండి. ఇంజన్ ఆయిల్ పూస్తే ఆ రోజుకి జారుతుంది, మర్నాటి నుంచి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

వెల్‌క్రోలో మన దగ్గర చేరే చెత్త వేరు. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం పక్కన బండి ఆపి దిగితే నూగు, తాలు, గడ్డిపోచలు కొక్కేల నిండా దిగిపోతాయి. అప్పుడు పట్టీ అంటుకున్నట్టే ఉంటుంది గానీ కాలు తిప్పితే ఊడిపోతుంది. పిన్నీసుతో ఒక్కో వరుసా గీకి తీయడమే మార్గం. విసుగు పనే, అయినా అరగంటలో అవుతుంది.

రాచెట్ బకిల్ అంటే పళ్ళ పట్టీని టకటకమని బిగించే కొక్కెం, దాని లోపలి స్ప్రింగ్ సన్నని ఉక్కు తీగ. అంతర్వేది వైపో, ఉప్పాడ బీచ్ రోడ్డు మీదో కెరటాల తుంపర తగిలితే అన్నిటికంటే ముందు తుప్పు పట్టేది అదే. మంచినీళ్ళతో కడిగి, ఆరాక సిలికాన్ స్ప్రే ఒక్క చుక్క.

వేళ్ళ దగ్గర రోడ్డుకి రాసుకునేందుకు పెట్టే ముక్కే స్లైడర్. దాని స్క్రూలని వానకి ముందొకసారి పూర్తిగా విప్పి తీయండి. బిగించే ఉన్నాయి కదా అని వదిలేస్తే, లోపలి చిన్న నట్టు తుప్పు పట్టి స్క్రూతో కలిసిపోతుంది. రెండేళ్ళ తరవాత విప్పబోతే నట్టు బూటులోనే గిర్రున తిరుగుతుంది. స్క్రూ తుడిచి, మరకి గ్రీజు ముట్టించి, చేతి బలానికి సరిపడా బిగించండి. నెలకోసారి వదులైందేమో చూడండి. స్క్రూలు పట్టేసే మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని చిట్లిస్తాయి కాబట్టి ఇక్కడ వాడకండి.

ఎడమ బూటు ముందు భాగంలో గేరు లివరు తగిలే చోట కుట్టు ముందు అరుగుతుంది. దారం నూగుగా లేచిందంటే తెగకముందే కుట్టించుకోండి. కొత్త బూటు కొన్నవాళ్ళు బండి వైపు కూడా చూడాలి. మందపాటి బూటు గేరు లివరు కిందికి దూరకపోతే పైగేరు సగంలో తప్పిపోతుంది. లివరు కడ్డీకి రెండు చివరలా ఉండే లాక్ నట్లు వదులు చేసి కడ్డీని తిప్పితే ఎత్తు మారుతుంది. చాలా బళ్ళలో ఒక నట్టుకి మర తిరగేసి ఉంటుంది, రావట్లేదని బలవంతంగా తిప్పకండి. బ్రేకు పెడల్ ఎత్తు మార్చితే వెనక బ్రేకు లైటు కాలు పెట్టకుండానే వెలుగుతోందేమో కూడా చూసుకోవాలి.

ఏ బూటు వానకి?

లోపల యూరప్ ప్రమాణం ఈఎన్ 13634 లేబుల్ ఉంటే దాని మీద నాలుగు అంకెలు ఉంటాయి. వరసగా బూటు ఎత్తు, రాపిడి, కోత, అడ్డంగా నలిగిపోకుండా తట్టుకునే బలం. 1 కంటే 2 మెరుగు. డబ్ల్యూఆర్ అని ఉంటే నీటిని ఆపే పరీక్ష నెగ్గినట్టు.

అయితే ఆ రెండక్షరాలు చూసి మురిసిపోనక్కర్లేదు. నీరు ఎక్కువగా పై నుంచి దిగుతుంది, అప్పుడు వాటర్‌ప్రూఫ్ బూటు నీళ్ళు బయటికి పోనివ్వని బిందె. ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. భీమవరం నుంచి తణుకు, అమలాపురం నుంచి రావులపాలెం లాంటి గంటలోపు ప్రయాణాలే ఎక్కువ చేసేవాళ్ళకి గాలి ఆడే మామూలు బూటు నయం. తడుస్తుంది, రాత్రికి ఫ్యాను కింద చాలావరకు ఆరుతుంది. రోజంతా హైవే మీద ఉండేవాళ్ళకే వాటర్‌ప్రూఫ్ పొర పెట్టిన డబ్బుకి పని చేస్తుంది.

రెయిన్ ప్యాంటు ఎప్పుడూ బూటు పైన ఉండాలి. రేసు పద్ధతిలో ప్యాంటుని బూటులో దోపితే నీళ్ళన్నీ గరాటులో పోసినట్టు లోపలికే. లోపల జీన్స్ అంచు తడిసినా చాలు, ఒత్తి నూనె పీల్చినట్టు నీటిని మేజోడు దాకా లాగుతుంది. మేజోళ్ళు నూలువి కాకుండా సింథటిక్‌వో ఉన్ని కలిసినవో, బూటు కంటే పొడుగువి వేసుకోండి.

స్పోర్ట్ బూటు అడుగు గాడులు తక్కువ లోతువి, బండికి కాలు ఆనించే ఫుట్‌పెగ్ మీద పట్టు తెలియడానికి అలా చేస్తారు. ఆ గాడులు నున్నబడ్డాక నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళని నది దాటించే పెద్ద పడవ, ఎక్కితే తెలుస్తుంది. తడి ఇనప రేకు, దాని మీద డీజిలు జిడ్డు. అక్కడ మడమ ముందు పెట్టకుండా పాదమంతా ఒకేసారి ఆనించండి. బండి బరువు కాలి మీదికి వచ్చాక పాదం జరపకండి. చేపల వ్యాన్ల నుంచి కారే నీరు, దమ్ము ట్రాక్టర్లు రోడ్డెక్కించిన బురద, కాలవ గట్టు మీది పాచి, అన్నిటికీ ఇదే లెక్క. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే వరదకి మొదటి హెచ్చరిక వేస్తారు. లంకల వైపు కాజ్‌వేల మీదికి నీరెక్కే రోజులవి. పారే నీరు అర అడుగు లోతు ఉన్నా మనిషిని తూలగొడుతుంది. అక్కడ ఏ బూటూ పని చెయ్యదు, వెనక్కి తిరగాలి.

తడిసి ఇంటికొచ్చాక

ఆ రాత్రి చేసే పనే బూటు ఆయుష్షు. మర్నాడు చూద్దామంటే నల్లరేగడి కుట్లలో బిగుసుకుని, చెరువు నీటి ఉప్పు తోలులో చారలు కడుతుంది. ఒక బకెట్ మంచినీళ్ళు, అందులో ఒక సాషే షాంపూ, పాత పళ్ళ బ్రష్, మెత్తటి గుడ్డ. బురదని కత్తితో గీకకుండా తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నానబెట్టి తుడవండి. బండి వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బూట్లకి కూడా గన్ను పట్టించేవాళ్ళున్నారు. ఆ ఒత్తిడికి నీరు కుట్లలోంచి నురుగు దాకా వెళ్తుంది, మళ్ళీ బయటికి రాదు.

తరవాత లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరేయండి. జిప్పు, పట్టీలు పూర్తిగా తెరవండి. పాత పేపర్లు ఉండలు చేసి మునివేళ్ళ దాకా కుక్కండి. గంటకి ఒకసారి, మూడు గంటలకి ఇంకోసారి తీసి కొత్తవి పెట్టండి. మొదటి ఉండలు పిండితే నీళ్ళు కారతాయి. అప్పుడు టేబుల్ ఫ్యాను బూటు నోటికి ఎదురుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. తుపానుకి కరెంటు పోతే అరుగు మీద చూరు కింద రెండు కర్రలు పాతి వాటికి తలకిందులుగా తగిలించండి. ఎండలో, పొయ్యి పక్కన, ఇన్వర్టర్ మీద పెడితే తోలు ముడుచుకుని గట్టిపడుతుంది, అడుగు జిగురు వదులవుతుంది.

ఆరిన తోలుకి బఠాణీ గింజంత లెదర్ క్రీమ్, అంతే. కోనసీమలో కొబ్బరినూనె అన్నిటికీ మందే గానీ దీనికి కాదు. తోలు గుడ్డలా మెత్తబడి ఆకారం వదిలేస్తుంది, దుమ్ము పడుతుంది, బూజు ఎక్కుతుంది. మైక్రోఫైబర్‌కి క్రీమ్ కూడా అక్కర్లేదు.

తోలు మీద తెల్లగా ఏదైనా కనిపిస్తే ముందు హెయిర్ డ్రైయర్ దూరం నుంచి కాస్త వెచ్చగా పట్టండి. కరిగి మాయమైతే అది తోలులోంచి పైకి తేలిన కొవ్వు, తుడిస్తే చాలు. కరగకపోతే బూజు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, తెల్ల వెనిగర్, నీళ్ళు సమంగా కలిపిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి.

దాచేటప్పుడు పాలిథిన్ కవరులో కట్టి పెట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. గుడ్డ సంచిలో, నేలకి అడుగు ఎత్తున, ఒక్కో బూటులో 50 గ్రాముల సిలికా జెల్. నారింజ రంగు గింజలు తీసుకుంటే తేమ పట్టగానే రంగు మారుతాయి, మందపాటి మూకుడులో సన్నసెగ మీద వేయిస్తే మళ్ళీ పని చేస్తాయి. నాఫ్తలీన్ ఉండలు కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తాయి కాబట్టి వద్దు.

వరద రోజుల్లో పొలాల్లోని పాములు, తేళ్ళు, జెర్రులు మెట్ట జాగా వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. పొడుగు బూటు వాటికి అచ్చం కలుగు. నోటికి పేపరు ఉండ బిరడాలా పెట్టి ఉంచండి. తొడిగే ముందు తలకిందులుగా నేలకేసి రెండుసార్లు కొట్టి, టార్చి వేసి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. కాటు పడితే వాపు రాకముందే బూటు తీసేసి, కట్లు కట్టకుండా, గాటు పెట్టకుండా, కాలు కదపనివ్వకుండా 108 పిలవాలి.

ఒకసారి గట్టిగా పడ్డ బూటుని పైపైన చూసి వదిలేయకండి. మడమ డిప్పని రెండు బొటనవేళ్ళతో నొక్కితే టిక్కుమని చప్పుడొస్తే లోపల పగిలింది. చీలమండ దగ్గర పక్కకి వంచి, రెండో బూటుతో పోల్చండి. పడ్డది మెత్తగా వంగితే దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళకండి.

పాత స్టాకు సగం ధరకి వస్తోందంటే లేబుల్ మీద తయారీ నెల, సంవత్సరం చూసి, షాపులోనే గోరు పరీక్ష చేయండి. పెట్టె విప్పకపోయినా నురుగు వయసు ఆగదు. కొన్నాక ఆ తేదీని, స్లైడర్ స్క్రూలు విప్పిన తేదీని, అడుగు అతికించిన తేదీని నాలిక లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టుకోండి.