లంక ఊళ్ల వరద మ్యాప్‌ని గోడ మీంచి ఫోన్లోకి తేవడం ఎలా

గోదారికి నీళ్లొస్తున్నాయంటే మన డెల్టాలో, ఏటి మధ్య దిబ్బల మీదుండే లంక ఊళ్లలో, ఎవరైనా ముందు అడిగేది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుంది అనే. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇవి మన దగ్గర అందరికీ నోటికొచ్చిన లెక్కలే. కానీ ధవళేశ్వరంలో పదిహేను అడుగులుంటే మన వీధిలోకి నీళ్లొస్తాయా, ఏ రోడ్డు ముందు మునుగుతుంది, గేదెల్ని ఎటు తోలుకెళ్లాలి అంటే మాత్రం మ్యాప్ కావాలి. ఆ మ్యాప్ ఏమో మండలాఫీసు బీరువాలో చుట్టచుట్టి ఉంటుంది, లేదంటే గ్రామ సచివాలయం గోడకి ఫ్లెక్సీ కొట్టించి ఉంటుంది, తీరా నీళ్లొచ్చిన రోజు ఆ సచివాలయానికి వెళ్లే దారే మునిగి ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నా. సచివాలయంలో పనిచేసే సర్వేయర్లు, డిజిటల్ అసిస్టెంట్లు, ఊళ్లో ల్యాప్‌టాప్ ఉన్న డిగ్రీ పిల్లలు ఎవరైనా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతుంది.

ముందు ఒక మాట. గోడ మీద మ్యాప్‌కి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పడేసి డిజిటల్ చేసేశాం అనుకుంటున్నారు చాలామంది, అది కాదండి. వాట్సాప్ ఆ ఫొటో సైజు కుదించేస్తుంది, జూమ్ చేస్తే ఊరి పేరు కూడా కనపడదు. ఫోన్లోకి వచ్చిన మ్యాప్ మూడు పనులు చెయ్యాలి: మనం ఎక్కడ నుంచున్నామో దాని మీద చుక్క చూపించాలి, సిగ్నల్ లేకపోయినా తెరుచుకోవాలి, అది ఏ తేదీ మ్యాపో దాని మీదే రాసుండాలి. వరదొస్తే ముందు కరెంట్ తీసేస్తారు, కాసేపటికి టవర్లూ పోతాయి, కాబట్టి ఆ రెండోది అన్నిటికంటే ముఖ్యం.

మొదటి పని అసలు మ్యాప్ సంపాదించడం. తహసీల్దార్ ఆఫీసులో, ఎంపీడీవో ఆఫీసులో, ధవళేశ్వరంలో జలవనరుల శాఖ వాళ్ల దగ్గర, కలెక్టరేట్‌లో విపత్తుల సెక్షన్‌లో అడగండి. అడిగేటప్పుడు జిరాక్స్ అడక్కండి, ఫైల్ అడగండి. కొత్త మ్యాపులన్నీ కంప్యూటర్‌లోనే గీసి ప్రింట్ తీసినవి, ఆ ఫైల్ ఎక్కడో ఒక సిస్టమ్‌లో ఉండే ఉంటుంది, అది దొరికితే కింద చెప్పిన సగం పని తప్పుతుంది. మర్యాదగా అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 2005 చట్టంలోనే సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకునే హక్కు ఉందని రాసుంది, ఏ రూపంలో అడిగితే మామూలుగా ఆ రూపంలోనే ఇవ్వాలనీ ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకి 30 రోజుల గడువుంటుంది కాబట్టి వేసవిలోనే పెట్టేయండి, జులైలో మేలుకుంటే లాభం లేదు.

దీనికి తోడుగా హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ల ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ వరదలప్పుడు ఉపగ్రహ చిత్రాలతో ముంపు మ్యాపులు తీస్తుంది, వాళ్ల భువన్ పోర్టల్‌లో చూడొచ్చు. ఊరి హద్దులు, సర్వే నంబర్లకి మీభూమి సైట్‌లో గ్రామ పటాలున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే పటాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అయితే ఉపగ్రహం మ్యాప్‌ని కోనసీమలో కొంచెం జాగ్రత్తగా చదవాలి. కొబ్బరి తోట కింద నీళ్లు నిలబడితే పైనుంచి ఆకులే కనిపిస్తాయి గానీ నీళ్లు సరిగ్గా కనపడవు, మ్యాప్‌లో ఆ చోటు పొడిగా ఉన్నట్టు వస్తుంది. తోటల్లో ఇళ్లున్న మన ఊళ్లకి ఇది చాలా ప్రమాదం, మ్యాప్‌లో రంగు లేదు కదా అని ఆ ఇళ్లని వదిలెయ్యకండి, ఆ ఇంటివాళ్లనే అడిగి రాసుకోండి.

ఫైల్ దొరక్క కాగితమే దొరికితే స్కాన్ చేయించాలి. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఇంజినీర్ల డ్రాయింగులు ప్రింట్ తీసే షాపుల్లో పెద్ద స్కానర్లుంటాయి, 300 డీపీఐకి తగ్గకుండా కలర్‌లో చెయ్యమనండి. మడతలుంటే ముందురోజే పరిచి పైన బరువు పెట్టండి. స్కాన్ అయిన ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, కాపీ మీద పని చెయ్యండి.

ఇప్పుడు అసలు పని, ఆ బొమ్మకి నేల మీద చోటు చూపించడం, దీన్నే జియో రిఫరెన్సింగ్ అంటారు. క్యూజీఐఎస్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దించుకోండి. అందులో జియో రిఫరెన్సర్ తెరిచి స్కాన్ బొమ్మని పెట్టి, వెనకాల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ గానీ ఉపగ్రహ చిత్రం గానీ పెట్టుకుని, రెండిట్లోనూ కనిపించే ఒకే చోటుని ఇక్కడొకటి అక్కడొకటి నొక్కుతూ పోవాలి. ఒక ఎనిమిది పది పాయింట్లు చాలు గానీ అన్నీ ఊరి మధ్యలో గుంపుగా పెట్టకుండా నాలుగు మూలలకీ పరచాలి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా చూపించే లెక్క) అడిగితే మన డెల్టా మొత్తం యూటీఎం 44 ఉత్తర జోన్‌లో పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644.

ఏ పాయింట్లు తీసుకోవాలి అన్నదాంట్లోనే మ్యాప్ బాగుపడేదైనా పాడయ్యేదైనా. కాలువ లాకులు, వంతెన రెండు చివర్లు, రెండు కాలువలు కలిసే చోటు, గుడి, చర్చి, వాటర్ ట్యాంకు ఇవి తీసుకోండి. కోనసీమలో పి.గన్నవరం వైపు వాళ్లకి అక్విడెక్టు (ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన) ఉంది, అంతకంటే మంచి గుర్తు ఉండదు. ఏటి ఒడ్డు, లంక కొస, ఇసక ర్యాంపు, పడవల రేవు మాత్రం అస్సలు తీసుకోవద్దు. గోదారి ఒకవైపు కోసుకుంటూ పోయి ఇంకోవైపు మేట వేస్తుంది, పాత మ్యాప్‌లో ఉన్న లంక కొస ఇవాళ నీళ్లలో ఉండొచ్చు, దాన్ని నమ్మి పాయింట్ పెడితే మ్యాప్ మొత్తం వంకర తిరుగుతుంది. చాలామంది అదే చేస్తారు, ఎందుకంటే మ్యాప్‌లో కంటికి ముందు కొట్టొచ్చినట్టు కనిపించేది ఏరే కదా.

స్కాన్ నీట్‌గా ఉంటే పాలినోమియల్ 1 అనే పద్ధతి వాడండి, అది ఒక్కో పాయింట్ ఎంత తేడాగా ఉందో చూపిస్తుంది, తేడా ఎక్కువున్న పాయింట్ తీసేసి మళ్లీ పెట్టుకోవచ్చు. కాగితం సాగిపోయో ముడతలు పడో ఉంటే థిన్ ప్లేట్ స్ప్లైన్ వాడాల్సొస్తుంది, కానీ అది ప్రతి పాయింట్‌నీ బలవంతంగా దాని చోట్లో కూచోబెడుతుంది కాబట్టి తప్పు ఉన్నా లెక్కలో కనపడదు. పాత టోపోషీట్ వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, అవి ఎవరెస్ట్ అనే పాత కొలత మీద గీసినవి, ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త కొలత మీద నడుస్తుంది, మ్యాప్ అంచున రాసిన అక్షాంశ రేఖాంశాలు యథాతథంగా కొట్టేస్తే బొమ్మంతా పక్కకి జరిగిపోతుంది. ఏ పద్ధతైనా సరే చివరికి ఫోన్ పట్టుకుని లాకు వంతెన మీద ఒకసారి, ఊరి చివర ఒకసారి నుంచుని చూడండి, చుక్క సరైన చోట పడితేనే ముందుకెళ్లండి.

తర్వాత మ్యాప్‌ని మన భాషలోకి తేవాలి, అంటే ధవళేశ్వరం అడుగుల్లోకి. ఆఫీసు మ్యాపుల్లో నీటి ప్రవాహం ఇన్ని లక్షల క్యూసెక్కులు అని ఉంటుంది, మొదటి హెచ్చరికకి 10 లక్షలు, రెండోదానికి 13, మూడోదానికి 17 అని గుర్తుంటే చాలు. ఒక్కో హెచ్చరికకి ఒక్కో రంగు పెట్టి పాలిగాన్లు (మునిగే చోటు చుట్టూ మూసిన గీతలు) గీసుకోండి, మొదటి దానికి పసుపు, రెండోదానికి నారింజ, మూడోదానికి ఎరుపు. రంగులు గీసే ముందు ఊళ్లో పెద్దవాళ్లని కూచోబెట్టి అడగండి, 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2006లో ఎక్కడిదాకా, 2022 జులైలో ఎక్కడిదాకా అని. 86లో ఎగువన భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022లో 71 దాటింది, ఆ నీళ్ల మట్టాలు ఇళ్ల గోడల మీద, గుడి మెట్ల మీద చూపించగలిగిన వాళ్లు ఇంకా ఉన్నారు. బాబాయ్ మీ అరుగు దాకా వచ్చిందా, గుమ్మం దాటిందా అని అడిగితే చెప్పే జవాబు కొన్నిసార్లు ఆఫీసు మ్యాప్ కంటే కచ్చితంగా ఉంటుంది. ఒకళ్ల మాట మీదే గియ్యకుండా పక్కింటివాళ్లని కూడా అడిగి సరిచూసుకోండి.

ఏటిగట్టుకి లోపల ఉన్న లంకలు, బయట ఉన్న ఊళ్లు ఒకే రంగులో వెయ్యకండి, ఇది నా గట్టి మాట. లంకలకి నీళ్లు మెల్లిగా ఎక్కుతాయి, ముందే తెలుస్తుంది, వాళ్లకి పడవలు అలవాటు. గట్టు బయట ఊళ్లకి మామూలుగా ఏం కాదు, కానీ 2006లో కోనసీమలో జరిగినట్టు గండి పడితే నీళ్లు ఒక్కసారి మీద పడతాయి. అందుకే గండి పడితే మునిగే ప్రాంతాన్ని గళ్లగీతలతో వేరే లేయర్‌గా పెట్టండి. ఇంకా వాన నీళ్లు వేరు, గోదారి నిండుగా ఉన్నప్పుడు డ్రెయిన్ల నీళ్లు ఏట్లోకి దిగవు, కౌశిక లాంటి డ్రెయిన్ల పక్క చేలు గోదారి గట్టు దాటకుండానే మునిగిపోతాయి, వాటికి ఇంకో గుర్తు. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకి సముద్రం పోటు కూడా కలుస్తుంది, పోటు మీదుంటే నీళ్లు లాగవు, మ్యాప్ అంచున ఆ ముక్క రాయండి.

మునిగే కాజ్‌వేలు, పడవ కట్టే చోటు, పునరావాస కేంద్రం, మెరక మీద పశువుల్ని కట్టే చోటు, ఆసుపత్రి, ఇవి పాయింట్లుగా పెట్టండి. మంచాన ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇంట్లో ఉన్నారో ఏఎన్ఎం, ఆశా వర్కర్ల దగ్గర లిస్ట్ ఉంటుంది, అది వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, ఊరంతా తిరిగే మ్యాప్‌లో పేర్లు పెట్టొద్దు.

పేర్లు తెలుగులోనే రాయండి, యూనికోడ్ ఫాంట్‌తో. ఆఫీసు ఫైళ్లు చాలా వరకు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్‌లో ఉంటాయి, కాపీ చేసి పెడితే పిచ్చి గీతలు వస్తాయి, కాబట్టి పేర్లు మళ్లీ టైప్ చేసుకోవడమే మంచిది. మూలన మ్యాప్ ఎవరు చేశారు, ఏ కాగితం నుంచి, ఏ తేదీకి అని పెద్దక్షరాలతో పెట్టండి, ఫైల్ పేరులో కూడా ఊరు, నెల, సంవత్సరం ఉండాలి, లేకపోతే రెండేళ్ల కిందటి ఫైలూ కొత్తదీ ఒకే గ్రూప్‌లో కలిసి తిరుగుతాయి.

అయిపోయాక క్యూజీఐఎస్ లేఅవుట్ నుంచి పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జియో స్పేషియల్ పీడీఎఫ్ అన్న బాక్స్‌లో టిక్ పెట్టండి. ఈ ఫైల్‌ని అవెంజా మ్యాప్స్ లాంటి యాప్‌లో తెరిస్తే నెట్ లేకుండానే మన చుక్క కనిపిస్తుంది, మామూలు పీడీఎఫ్‌గా కూడా తెరుచుకుంటుంది, అందుకే నాకు ఇదే నచ్చుతుంది. దీనితోపాటు పాయింట్లూ పాలిగాన్లూ కేఎంఎల్‌గా ఇంకో ఫైల్ తీయండి, గూగుల్ ఎర్త్‌లో పెట్టి చూసుకునేవాళ్లకి. సైజు ఐదు ఎంబీ లోపు ఉంచండి, మన లంకల్లో పాత ఫోన్లే ఎక్కువ. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. సిగ్నల్ పోయాక కూడా క్విక్ షేర్, బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పంపుకోవచ్చని ముందే చూపించండి. రేషన్ షాపు దగ్గర, రామాలయం దగ్గర క్యూఆర్ అంటించడం మంచిదే, కానీ అది నెట్ ఉన్నప్పుడే పనిచేస్తుంది కాబట్టి తొలకరి ముందే అందరిచేతా దించుకోమని చెప్పాలి. డ్వాక్రా మీటింగ్‌లో ఒక్క పావుగంట అడిగి తీసుకోండి, పదిమందికి ఫోన్లో పెట్టి చూపిస్తే వాళ్లే మిగతావాళ్లకి పెడతారు.

అలాగని గోడ మీది మ్యాప్ పీకెయ్యకండి. అమెరికాలో విపత్తుల సంస్థ ఫీమా 2009 అక్టోబర్ 1 నుంచి కాగితం వరద మ్యాపులు పంచడం ఆపి డిజిటల్‌కి మారినప్పుడు కూడా ప్రతి ఊరి పాలకవర్గానికీ ఒక కాగితం కాపీ ఇస్తామనే చెప్పింది. మనం కూడా సచివాలయంలో ఒకటి, పునరావాస కేంద్రంలో ఒకటి, పడవ సరంగు దగ్గర లామినేషన్ చేసిన ఏ4 ఒకటి ఉంచాలి. ఫోన్ లేని ముసలివాళ్లున్న ఇంటికి వాళ్ల వీధి వరకే పెద్దగా కనపడేలా ప్రింట్ తీసి ఇవ్వండి.

మన మ్యాప్ ఎక్కడ మునుగుతుందో చెబుతుంది గానీ ఎప్పుడు మునుగుతుందో చెప్పదు. దానికి కేంద్ర జల సంఘం (సీడబ్ల్యూసీ) వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఉంది, 2023లో తెచ్చారు, భద్రాచలం, ధవళేశ్వరం మట్టాలు అందులో చూడొచ్చు. రాష్ట్ర విపత్తుల సంస్థ మెసేజ్‌లు ఎలాగూ వస్తాయి, దాని కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 112, 1800 425 0101 మ్యాప్ కిందనే అచ్చు వెయ్యండి. మెసేజ్‌లో రెండో హెచ్చరిక అని చూస్తే మ్యాప్‌లో నారింజ రంగు చూసుకోవాలి అని ఊళ్లో అందరికీ తెలిస్తే చాలు. ఆ రంగు కొస దాకా నీళ్లు రాలేదు కదా అని మాత్రం ఆగొద్దు, అధికారులు కదలమంటే కదలాల్సిందే, ఒకే అడుగుల దగ్గర కూడా ఒక్కో ఏడాది పాయల్లో నీళ్లు ఒక్కోలా పంచుకుంటాయి.

వరద తీశాక వారంలోపు మళ్లీ ఊరంతా తిరగండి. గోడల మీద బురద చార కడిగేసేలోపు టేపుతో కొలిచి, ఫోన్‌తో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీసి, ఆ రోజు ధవళేశ్వరంలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని అడుగులో పక్కన రాసుకోండి. మ్యాప్‌లో రంగు తప్పిన చోట్లు దిద్ది, కొత్త తేదీ వేసి, పాత ఫైల్ తీసెయ్యమని గ్రూప్‌లో చెప్పి కొత్తది పెట్టండి, ఒక కాపీ తహసీల్దార్ ఆఫీసుకి కూడా మెయిల్ చెయ్యండి.