ఏళ్ల తరబడి సాగే సర్వేలో కుటుంబాలు చేజారకుండా
కుటుంబ పరిస్థితులు పిల్లల చదువుపై చూపే ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించేవారు మొదటి విడతలోనే తల్లిదండ్రుల ఫోన్ నంబరుతో సరిపెట్టుకోకుండా, అమ్మమ్మ, మేనమామ వంటి మరో ఇద్దరి నంబర్లను కూడా అనుమతి తీసుకొని రాసుకోవాలి. వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి తండ్రి గల్ఫ్‌కో, ఇంటిల్లిపాదీ మహారాష్ట్రలోని భీవండికో వెళ్తే సిమ్ మారిపోవచ్చు. ఊళ్లోనే ఉండే మేనమామ నంబరు అంత తేలికగా మారదు. పిల్లవాడు గురుకులంలో చేరితే దాన్ని సర్వే నుంచి తప్పుకున్నట్టు కాక, చిరునామా మార్పుగానే నమోదు చేయాలి. మళ్లీ కలవడానికి బతుకమ్మ, దసరా రోజులను మించిన అదను లేదు, అయితే సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ప్రశ్నావళి తెరవకండి.

ఇంత చేసినా కొందరు దూరమవుతారు. తరచుగా భూమి లేని, వలసపై బతికే కుటుంబాలే తప్పుకుంటాయి కాబట్టి, మిగిలినవారితోనే సగటు కడితే పిల్లల చదువు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అందువల్ల తల్లి చదువు, భూమి, వలస వంటి తొలి విడత వివరాలతో ప్రతి కుటుంబం సర్వేలో కొనసాగే సంభావ్యతను అంచనా వేసి, మిగిలిన కుటుంబాలకు దానికి విలోమంగా (ఒకటిని ఆ సంభావ్యతతో భాగించి) భారం, అంటే సగటులో ఎన్ని కుటుంబాలుగా లెక్కించాలో ఆ విలువ, ఇవ్వాలి: సంభావ్యత 0.8 ఉన్న కుటుంబం 1.25గా, 0.5 ఉన్నది 2గా లెక్కకు వస్తుంది. తొలి విడతలో అడగని విషయాన్ని ఈ పద్ధతి సరిదిద్దలేదు. వలస ప్రశ్న మొదటి రోజే ఉండాలి.