ట్రక్వేర్ హౌస్‌ను చదవడం ఎలా

ఎడిన్‌బరాకు చుట్టాలు వస్తే కోటను వాళ్లనే చూసి రమ్మంటాను. ట్రక్వేర్ హౌస్‌కు మాత్రం నేను వెంట వెళ్తాను. వదిలేస్తే తిన్నగా లోపలికి వెళ్లి, స్కాట్లండ్ రాణి మేరీ 1566లో బిడ్డతో వచ్చినప్పటిదని చూపే ఊయల ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. స్కాట్లండ్‌లో ఇప్పటికీ మనుషులు కాపురమున్న ఇళ్లలో ఇదే పాతదని పేరు. 1107 నాటికే రాజులు వేటకు వచ్చి ఇక్కడ దిగేవారు. అందుకని ఊయలను చివరికి ఉంచుకోండి.

ముందు వాకిట్లో కాస్త దూరంగా నిలబడి కిటికీలు చూడండి. వరుస కుదరదు, కొలతలు కలవవు. పాత బురుజుకు తరతరాలుగా గదులు చేరుస్తూ పోతే అంతే మరి. ఇరుపక్కలా ఉన్న పొట్టి భవనాలు మాత్రం లెక్క తప్పవు. అవి 1690లలో జేమ్స్ స్మిత్ అనే వాస్తుశిల్పి పని. ఆ తరువాత ఇంటి రూపం పెద్దగా మారలేదు. ఎందుకు మారలేదో తెలియాలంటే మేడ పైకి ఎక్కాలి.

ఎక్కే ముందు ట్వీడ్ నది ఎక్కడుందో గమనించండి. ఒకప్పుడు గోడ పక్కనే పారేది. 17వ శతాబ్దంలో ఈ ఇంటి యజమాని, మొదటి ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభువుల బిరుదు) దాన్ని దూరంగా మళ్లించాడు. నదినే జరపగలిగిన కుటుంబం అది!

పైన మతగురువు గది ఉంది, అక్కడి నుంచి జారుకోవడానికి రహస్యపు మెట్లున్నాయి. 1491 నుంచి ఇక్కడున్న స్టూవర్ట్ కుటుంబం వారు కాథలిక్కులు. ప్రొటెస్టెంట్ స్కాట్లండ్‌లో వారి పూజ నేరం. పైగా గద్దె దిగిన స్టూవర్ట్ రాజుల పక్షం వహించారు. ఐదో ఎర్ల్ లండన్ టవర్‌లో ఖైదు కూడా అనుభవించాడు. పదవులు పోయాయి, డబ్బు కరిగింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేకపోవడమే దాన్ని కాపాడిందని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎలుగుబంటి బొమ్మల గేటు దగ్గరికి నడవండి. 1745లో, ఆ గద్దె తిరిగి దక్కించుకోవాలని చూసిన స్టూవర్ట్ వంశపు చార్లెస్ యువరాజు వెళ్లాక మూశారని, స్టూవర్ట్ రాజు పట్టాభిషిక్తుడయ్యేదాకా తెరవరని ఒక కథ. 1796లో ఎర్ల్ భార్య చనిపోయినప్పుడు మూశారని మరొకటి. నాకు రెండోదే నమ్మబుద్ధి అవుతుంది. ప్రతిజ్ఞలకన్నా దుఃఖమే ఎక్కువగా తలుపులు మూయిస్తుంది. ఏది నిజమైనా గేటు ఇంకా మూసే ఉంది, దారి మీద గడ్డి పెరిగింది.

ఇంటికి వచ్చాక స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో విలియం రాయ్ సైన్యం కోసం గీయించిన స్కాట్లండ్ పటం తెరవండి, ఉచితమే. 1747-55 నాటిది. నది, ఇల్లు, చెట్ల బారులు ఎలా గీశారో మీరు చూసినదానితో పోల్చుకోండి.

ఎడిన్‌బరా నుంచి పీబుల్స్ మీదుగా ఇన్నర్‌లీథెన్‌కు బస్సుంది, అక్కడి నుంచి నడక. చలికాలంలో ఇల్లు మూసి ఉంటుంది, తేదీలు చూసుకునే బయలుదేరండి. 1965లో మళ్లీ మొదలైన బీరు బట్టీ కూడా అక్కడే ఉంది కాబట్టి కారుకన్నా బస్సే మేలు.