బీపీ మాత్రను చదవడం – 4వ పాఠం: షుగర్ లెక్క వేరు, గుండె లెక్క వేరు

పోయిన పాఠంలో మాత్రల పేర్ల తోకలు నేర్చుకున్నాం: ప్రిల్, సార్టాన్, డిపిన్, ఓలాల్. అవి బాగానే పట్టుకున్నారు. కానీ "అటెనొలాల్, నీటిమాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర) షుగర్‌ను కాస్త పెంచగలవు" అని చివర్లో ఒక్క మాట రాసి వదిలేశాను. అది చదివి గుణుపురంలో ఒకాయన ఆ రాత్రే అటెనొలాల్ మానేశారు. మూడో రోజుకు గుండెదడ, ఛాతీలో బరువు. ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి పిన్నిగారు క్లోర్‌థాలిడోన్ అనే నీటిమాత్ర స్ట్రిప్ అవతల పారేశారు. తప్పు నాదే. ఈరోజు అనుకున్న పాఠం తర్వాత చెప్పుకుందాం.

ముందు ఓలాల్ సంగతి, అంటే అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రల సంగతి. ఈ మాత్ర వేసుకున్నన్నాళ్లు గుండెకు అడ్రినలిన్ పిలుపు సన్నగా వినిపిస్తుంది. దాంతో శరీరం ఆ పిలుపు వినే చెవుల్ని పెంచుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఆ చెవులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. నాడి పరుగెత్తుతుంది, బీపీ పైకి లేస్తుంది. గుండె నాళాల్లో అడ్డంకి ఉన్నవాళ్లకు హార్ట్ ఎటాక్ కూడా రావచ్చు. మానాల్సి వస్తే డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. మాత్రలు అయిపోయాయని రెండు రోజులు ఆగడం కూడా మానడమే. శ్రీకాకుళంలో రాసిన బ్రాండ్ మన షాపులో దొరక్కపోవచ్చు. ఇంకా ఐదు మాత్రలు ఉండగానే, లోపలి మందు పేరు చెప్పి అడగండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడను, వణుకును ఓలాల్ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టిందంటే వెంటనే షుగర్ చూసుకోండి.

ఇక నన్ను బాధపెట్టే పొరపాటు: షుగర్ పెంచే మందు గుండెకు చెడ్డదే అనుకోవడం. 2002లో వెలువడిన ఆల్‌హ్యాట్ పరిశోధనలో 33 వేలకు పైగా జనానికి క్లోర్‌థాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్‌లలో ఒకటి ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. క్లోర్‌థాలిడోన్ వాడినవాళ్లలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు కాస్త ఎక్కువే. అయినా హార్ట్ ఎటాక్‌లు మూడు గుంపుల్లోనూ ఇంచుమించు సమానం. హార్ట్ ఫెయిల్యూర్ అయితే క్లోర్‌థాలిడోన్ గుంపులోనే తక్కువ. పిన్నిగారు పారేసిన మాత్ర అదే. నీటిమాత్రతో పొటాషియం తగ్గితే క్లోమం ఇన్సులిన్ సరిగా వదలదు. కాబట్టి పొటాషియం పరీక్ష చేయించుకుంటూ వాడాలి.

అటెనొలాల్ లెక్క వేరు. అదే ఏడాది వచ్చిన లైఫ్ పరిశోధనలో, గుండె గోడ మందమైన బీపీ రోగుల్లో అటెనొలాల్ వాడినవాళ్లకన్నా లోసార్టాన్ వాడినవాళ్లకు పక్షవాతమూ, కొత్త షుగరూ రెండూ తక్కువ వచ్చాయి. అందుకే బీపీ ఒక్కటే ఉంటే ఓలాల్‌తో మొదలుపెట్టడం ఇప్పుడు తగ్గింది. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకు, గుండె బలహీనపడినవాళ్లకు మాత్రం ఓలాల్ ప్రాణం నిలిపే మందు. వాటిలోనూ కార్వెడిలాల్ షుగర్‌ను అంతగా కదిలించదు.

ఆమ్లోడిపిన్ షుగర్ జోలికి పోదు, కొందరికి పాదాలు వాస్తాయి. షుగర్ ఉండి మూత్రంలో ప్రోటీన్ పోతుంటే నా మొగ్గు సార్టాన్ వైపే. ప్రిల్ కూడా కిడ్నీని అలాగే కాస్తుంది గానీ కొందరికి పొడిదగ్గు తెస్తుంది. రెండూ కలిపి వద్దు, గర్భిణులకు ఈ రెండింటిలో ఏదీ వద్దు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్ మీది లోపలి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, దానికి ముందూ తర్వాతా చేసిన షుగర్, పొటాషియం పరీక్షల అంకెలు ఒక కాగితం మీద రాయండి. నా అడ్డదారి: బ్రాండ్ చివర ఏఎమ్ ఉంటే ఆమ్లోడిపిన్, హెచ్ ఉంటే నీటిమాత్ర అనుకుని, వెనక చిన్న అక్షరాల్లో సరిచూసుకుంటాను. తర్వాత ఏడు రోజులు పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండేసి సార్లు బీపీ చూసి రాయండి. మొత్తం 28 కొలతలు. ఆ కాగితం డాక్టరుకు చూపించేదాకా ఒక్క మాత్ర కూడా మార్చకండి.