అడవికి ఒకే ఒక్క తుపాకీ – ఐదో పాఠం

గత నాలుగు పాఠాల్లో నీళ్లు, గూడు, నిప్పు, సంకేతాలు చూశాం. తుపాకీ మాట ఇంతవరకు ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు. అత్యవసర సంచి సర్దుకోవాలి అనగానే చాలామంది ముందు తుపాకీ కొనేసి, మిగతావి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆ వరస ఎందుకు తప్పో 1965 మార్చిలో జరిగిన ఒక సంగతి బాగా చెబుతుంది.

సోవియట్ వ్యోమగాములు లియోనోవ్, బెల్యాయెవ్ వోస్ఖోద్-2 నౌకలో తిరిగి వస్తుంటే ఆటోమేటిక్ ల్యాండింగ్ పనిచేయలేదు. అనుకున్న చోటికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో, ఉరల్ కొండల దగ్గర మంచుతో నిండిన అడవిలో దిగారు. తోడేళ్లు, ఎలుగుబంట్లు ఉండే చోటు. చేతిలో పిస్తోలు ఉంది. కానీ వాళ్ల ప్రాణం మీదికి వచ్చింది చలి. లియోనోవ్ సూటులో చెమట మోకాళ్ల దాకా నిలిచిపోయింది. బట్టలన్నీ విప్పి, పిండి, మళ్లీ తొడుక్కోవాల్సి వచ్చింది. రెండు రాత్రులు అడవిలోనే గడిచాయి. మంట వేసి, గుడిసె కట్టి, స్కీల మీద వచ్చిన మనుషులే వాళ్లను గట్టెక్కించారు.

అయినా ఆ అడవి భయం లియోనోవ్‌ను వదల్లేదు. వ్యోమగాములకు సరైన తుపాకీ ఉండాలని పట్టుబట్టాడు. అలా 1986లో టీపీ-82 వచ్చింది. మూడు గొట్టాల పిస్తోలు అది. పైన రెండు నున్నటి గొట్టాలు, కింద ఒక రైఫిల్ గొట్టం. విప్పి తగిలించుకునే పిడిలోనే పెద్ద కత్తి. చూడముచ్చటైన ఆలోచన. కానీ దాని తూటాలు దానికే ప్రత్యేకం. ఆ తూటాలు పాతబడిపోయాక, 2007 ప్రాంతంలో తుపాకీని కూడా పక్కన పెట్టేశారు. ఈ పాఠం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి: మనం ఎంచుకునేది తుపాకీని కాదు, తూటాను. ఎక్కడైనా దొరికేది, మోయగలిగేది, పాడవకుండా నిలవుండేది ఏ తూటానో చూసుకుంటే తుపాకీ దాని వెనకే వస్తుంది.

ముందు మోత సంగతి. కాగితం తీసి లెక్క వేయండి. చిన్న వేట రైఫిల్‌లో వేసే .22 ఎల్ఆర్ (పొట్టిగా .22) తూటా ఒక్కోటి సుమారు మూడున్నర గ్రాములు. 100 తూటాలు సుమారు రెండు ఆపిల్ పండ్ల బరువు. గుప్పెడు రవ్వలు ఒకేసారి చిమ్మే షాట్‌గన్‌లో వేసే 12 బోర్ తూటా ఒక్కోటి 40 నుంచి 50 గ్రాములు. వంద కట్టుకుంటే నాలుగైదు కిలోలు. పెద్ద వేటకు వాడే .308 రైఫిల్ తూటా మధ్యస్థం, వందకు సుమారు రెండున్నర కిలోలు. మొదట్లో నేను ఈ లెక్క వేసుకోలేదు. 12 బోర్ భుజాన వేసుకుని, రెండు డబ్బాల తూటాలు సంచిలో పడేసి బయల్దేరాను. మూడో రోజుకల్లా తుపాకీని డేరాలోనే వదిలేసి తిరగడం మొదలుపెట్టాను. డేరాలో ఉన్న తుపాకీ ఎవరికి పనికొస్తుంది?

ఇప్పుడు పని సంగతి. అడవిలో తుపాకీతో పనులు మూడే. కుందేలు, పక్షి లాంటి చిన్న వేట మొదటిది. మీదికి వచ్చే పెద్ద జంతువును ఆపడం రెండోది. మూడోది సంకేతం: సమాన విరామంతో మూడుసార్లు పేలిస్తే ఆపదలో ఉన్నామని అర్థం. సంకేతానికి ఏ తుపాకీ అయినా ఒకటే. పైగా పోయినసారి చెప్పుకున్న ఈల బరువుండదు, అయిపోదు కూడా. కాబట్టి తేల్చుకోవాల్సింది మొదటి రెండింటి మధ్యే.

చిన్న వేటకు .22కు సాటి లేదు. 1887 నుంచి వాడుకలో ఉన్న తూటా ఇది. చప్పుడు తక్కువ, భుజాన్ని తన్నదు, కొత్తవాళ్లు కూడా తొందరగా గురి నేర్చుకుంటారు. 50 మీటర్ల లోపు కుందేలు తలకు గురి పెడితే మాంసం పాడవదు. లోపాలూ ఉన్నాయి. దీనిలో పేలుడు రసాయనం తూటా అడుగు అంచులోపల ఉంటుంది. అంచు అంతటా సమంగా పరుచుకోకపోతే అప్పుడప్పుడు పేలదు. అలా జరిగితే వెంటనే బోల్ట్ (తూటా ఎక్కించడానికి, తీయడానికి చేత్తో లాగే కడ్డీ) లాగకండి. గొట్టాన్ని ఎవరూ లేని వైపు ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. ఇంకో మాట. చిన్న తూటానే కదా అని చులకన చేయొద్దు. గురి తప్పితే కిలోమీటరున్నర దూరం దాకా పోగలదు. ఇంతా చేసి ఎలుగుబంటి మీద మాత్రం .22ను నమ్ముకోలేం. .308తో పోలిస్తే దాని శక్తి సుమారు ఇరవయ్యో వంతే.

షాట్‌గన్ దారి వేరు. 12 బోర్ అనే పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత గొట్టం అన్నమాట, సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోర్ అంటే 20 గుండ్లు, అందుకే అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. .410 అనే సన్న షాట్‌గన్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది అంగుళాల్లో గొట్టం వెడల్పు. ఈ తుపాకీ గొప్పతనమంతా తూటా మార్చడంలో ఉంది. సన్న రవ్వల తూటా వేస్తే 30 మీటర్లలో ఎగిరే పక్షి. లావు గుళ్లు వేస్తే దగ్గర్లోని పెద్ద జంతువు. స్లగ్ అనే ఒకే పెద్ద సీసపు ముద్ద వేస్తే నున్నటి గొట్టంతో కూడా 50 మీటర్ల దాకా గట్టి దెబ్బ. ఒక్క తుపాకీ మూడు తుపాకీల పని చేస్తుంది. మూల్యం ముందే చెప్పాను: మోత. ఇంకోటి, భుజం మీద తన్ను. సన్నగా ఉండేవాళ్లకు, కొత్తవాళ్లకు 20 బోర్ చాలా నయం. తన్నుకు భయపడి కళ్లు మూసుకుని కాల్చే 12 బోర్ కంటే, కళ్లు తెరిచి కాల్చే 20 బోర్ మేలు.

రెండూ కలిపితే? కలిపారు. అమెరికా వైమానిక దళం పైలట్ల కోసం చేయించిన ఎం6లో పైన .22 హార్నెట్ రైఫిల్ గొట్టం, కింద .410 షాట్‌గన్ గొట్టం. మడిచి పెట్టుకోవచ్చు. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-7 ఇంకో రకం: .22 రైఫిల్ భాగాలన్నీ విప్పి దాని పిడిలోనే దాచేయొచ్చు, నీళ్లలో పడితే తేలుతుంది కూడా. ఇవన్నీ మూలన పడి ఉండి, ఎప్పుడో ఒకసారి అవసరపడే తుపాకీలు. చేతికి అలవాటయ్యే తుపాకీలు కావు. పడవలోనో విమానంలోనో పెట్టుకోవడానికైతే సరే. నడిచేవాళ్లకు నేను చెప్పను.

తూటా ఎక్కించే పద్ధతి గురించి రెండు ముక్కలు. మధ్యకు విరిచి తూటా పెట్టే ఒంటి గొట్టం తుపాకీ అన్నిటికంటే తేలిక, చెడిపోవడానికి దానిలో పెద్దగా ఏమీ లేదు, కానీ ఒక్క అవకాశమే. పంప్ షాట్‌గన్ చేత్తో నడుస్తుంది కాబట్టి తేలికపాటి తూటా, బలమైన తూటా అన్న తేడా లేకుండా పనిచేస్తుంది. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 దశాబ్దాలుగా నిలబడింది అందుకే. .22లో బోల్ట్ రకం తీసుకుంటే మంచిది. ఆటోమేటిక్‌గా ఎక్కేవి కొన్ని తూటాలతో మొరాయిస్తాయి.

నా తీర్పు ఇది. మనిషి మీదికి వచ్చే పెద్ద జంతువులు లేని చోటికైతే బోల్ట్ .22 రైఫిల్, 200 తూటాలు. అలాంటివి ఉన్న చోటికైతే 20 లేదా 12 బోర్ పంప్, ముప్పై నలభై తూటాలు, అందులో పది స్లగ్‌లు. ఎలుగులుండే అడవికైతే బేర్ స్ప్రే (ఎలుగు మొహాన కొట్టే కారపు మందు) డబ్బా కూడా నడుముకు ఉండాలి, తుపాకీ ఉన్నా సరే. వేటనే నమ్ముకుని తిండి తీసుకెళ్లడం మానేయకండి. కుందేలు మాంసంలో కొవ్వు ఉండదు, అదొక్కటే తింటూ పోతే కడుపు నిండుతున్నా మనిషి నీరసించిపోతాడు. నూనె గింజలో, నెయ్యో సంచిలో ఉండాలి.

లైసెన్సు నిబంధనలు మీరు ఉండే చోటివే కాదు, వెళ్లే చోటివి కూడా కనుక్కోండి. చాలా రక్షిత అడవుల్లోకి తుపాకీ తేనివ్వరు. అక్కడ ఈ పాఠం మీకు అక్కర్లేదు.

ఈ వారం పని: కొనకండి. అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, నేర్పేవాళ్ల పక్కన .22, 20 బోర్, 12 బోర్ మూడూ కాల్చి చూడండి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే అనుకోవాలి. కాల్చకూడని దేని వైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో చూసుకోవాలి. ఈ నాలుగూ అక్కడే చేతికి అలవాటు చేసుకోండి. తర్వాత ఒక్కో తుపాకీతో 25 మీటర్ల నుంచి పదేసి తూటాలు కాల్చి, కాగితం మీద ఎన్ని పడ్డాయో, పదో తూటాకు భుజం ఏమంటోందో రాసుకోండి. ఆరో పాఠంలో తుప్పు, నూనె, తూటాలు తడవకుండా దాచడం గురించి మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.