పరీక్షల టెన్షన్‌లో ఆపుకోలేక తింటుంటే, ముందు పొద్దున తినండి

నేను కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో నాకూ ఈ బాధ ఉండేది. అందుకే పరీక్షలు దగ్గరపడ్డాక ఎవరైనా వచ్చి, "మేడమ్, రాత్రిళ్ళు ఆపుకోలేక తినేస్తున్నాను" అంటే నేను రాత్రి సంగతి అడగను. "పొద్దున ఏం తిన్నావు?" అంటాను. చాలామంది జవాబు ఒకటే: "కాఫీ."

రాత్రి పదకొండింటికి బిస్కెట్ ప్యాకెట్ ముందు చేతులెత్తేయడం మనసు గట్టిది కాకపోవడం వల్ల అనుకుంటారు. కాదు. పొద్దుటి నుంచి మాడ్చిన కడుపు బాకీ వసూలు చేసుకుంటోంది, అంతే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఏరికోరి ఎంచుకుని, దాదాపు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్ళకు ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే పట్టుకుంది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. తిండి మళ్ళీ పెట్టాక, కడుపు నిండిపోయినా ఆపలేకపోయినవాళ్ళు ఉన్నారు. నోరు కట్టేసుకుంటే ఎవరికైనా జరిగేది ఇదే.

దీనికి టెన్షన్ తోడవుతుంది. అప్పటికప్పుడు వచ్చే భయం ఆకలిని చంపేస్తుంది కానీ, వారాల తరబడి సాగే ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి మనసు తీపి మీదికీ వేపుళ్ళ మీదికీ పోతుంది. ఇక నైట్ అవుట్లు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది.

కాబట్టి మొదటి పని, గడియారం చూసి తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఎక్కడా మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా సరే. చదువు టైమ్‌టేబుల్ ఎలాగూ రాసుకుంటారుగా, అందులోనే తినే వేళలు కూడా రాయండి. మొదట్లో ఎక్కువ తింటున్నట్టు అనిపించి భయం వేస్తుంది. కొనసాగించండి.

అన్నిటికంటే కష్టమైనది, రాత్రి గొంతుదాకా తిన్న మర్నాటి పొద్దున. "నిన్న అంత తిన్నానుగా, సాయంత్రం దాకా ఏమీ ముట్టను" అనిపిస్తుంది. ఆ రాత్రికి మళ్ళీ అదే కథ. కొంచెం ఆలస్యమైనా, కొంచెం తక్కువైనా, ఆ పొద్దున మాత్రం తినాల్సిందే.

రెండోది, ఒక చిన్న నోట్‌బుక్. కేలరీలు రాయొద్దు, వాటి వల్ల దిగులు తప్ప ఒరిగేదేమీ లేదు. టైమ్, ఏం తిన్నారు, అంతకుముందు ఏం జరుగుతోంది, అంతే. ఒకమ్మాయి రాసుకున్నది ఇలా ఉంది: "11:40. బిస్కెట్లు, తర్వాత చిప్స్, మళ్ళీ బిస్కెట్లు. నాలుగో చాప్టర్ ఎన్నిసార్లు చదివినా ఎక్కట్లేదు. మధ్యాహ్నం తినలేదు."

ఆ మధ్య వాక్యం చూడండి. చాప్టర్ ఎక్కనప్పుడు లేచి అలా తిరిగొస్తే, టైమ్ వేస్ట్ చేస్తున్నానని ప్రాణం పీకుతుంది. అదే తింటూ కూర్చుంటే? తిండి అవసరమేగా! అంటే ప్యాకెట్ చేతిలో ఉన్నంతసేపే ఆ పిల్లకు సెలవు. అది అయిపోతే మళ్ళీ నాలుగో చాప్టరే, అందుకే ఇంకో ప్యాకెట్. నోట్‌బుక్‌లో ఇలాంటి వాక్యాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే మీకు కావలసింది విరామం. గంటకోసారి పది నిమిషాలు టైమ్‌టేబుల్‌లోనే పెట్టుకోండి. ఆ పది నిమిషాల్లో ఏమీ సాధించక్కర్లేదు.

ఇంత చేసినా తినాలన్న యావ పుట్టుకొస్తుంది. అది పెరిగి పెరిగి, దానంతటదే తగ్గుతుంది, చాలాసార్లు అరగంటలోపే. ఫోన్‌లో ఇరవై నిమిషాలకు అలారం పెట్టి గది బయటికి వెళ్ళండి, ఎవరితోనైనా మాట్లాడండి. గ్లాసుడు నీళ్ళు తాగమనే సలహా మీద నాకు నమ్మకం లేదు, ఆకలిని నీళ్ళతో ఎంతసేపు మభ్యపెడతాం? అలారం మోగాక కూడా కావాలనిపిస్తే పుస్తకం మూసి, ప్లేటులో పెట్టుకుని, కూర్చుని తినండి. మధ్యలో అదుపు తప్పినట్టు తోస్తే అక్కడే ఆపొచ్చు. "ఎలాగూ చెడింది, మొత్తం కానిచ్చేద్దాం" అనుకోవాల్సిన పనిలేదు.

కొందరికి ఇది జబ్బుగానే ఉంటుంది. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 అనే గ్రంథం 2013లో దీన్ని ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. అదుపు లేకుండా అతిగా తినడం కనీసం వారానికోసారి చొప్పున మూడు నెలలు సాగడం అందులోని ఒక గుర్తు. మూడు నెలలు నిండేదాకా ఆగమని కాదు. తిన్నది కావాలని వాంతి చేసుకుంటున్నా, విరేచనాల మాత్రలు మింగుతున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అలా చేస్తుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. మామూలు కేసుల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, బాగా పనిచేస్తుంది.

వెళ్ళాక నోరు పెగలదు. కాగితం మీద రాసుకెళ్ళండి: "వారానికి ఇన్నిసార్లు ఆపుకోలేక తింటున్నాను. ఎప్పటి నుంచి. తిన్నాక ఏం చేస్తున్నాను." డైట్ చార్ట్ చేతిలో పెట్టి పంపేయబోతే నోట్‌బుక్ కూడా చూపించండి.